గుఱ్ఱపు పందెములు: అశ్వహృదయము, అక్షహృదయము

గుఱ్ఱపు పందెములను గూర్చి మన యిండ్లలో సాధారణముగా రెండే మాటలు వినవచ్చును. అది కొంపలు కూల్చు వ్యసనమనునది ఒకటి. తెలివిగలవాడు తెలివితో ఆడదగిన ఆట యనునది రెండవది. మొదటి మాట ఇంటనుండు ఇల్లాండ్రు చెప్పుదురు. రెండవ మాట మైదానమునకు పోవువారు చెప్పుదురు. ఈ రెండు మాటలును నిజములే యని మేము మనవి చేయబోవుచున్నాము. ఏ మాట ఎవరి విషయమున నిజమో తేల్చుకొనుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

హైదరాబాదు వాసులకు ఈ ఆట క్రొత్త కాదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమున, 1886లో, పందెపు మైదానము మౌలాలీ నుండి మలకుపేటకు మారినది. నేటికిని అక్కడనే యున్నది. మదరాసులో చదువులకును ఉద్యోగములకును పోయిన తెలుగువారికి గిండీ మైదానము పేరు బాగుగా తెలియును. పందెములకు ఎన్నడును పోనివారు సైతము ఈ రెండు ఊళ్ల పేర్లు విన్నప్పుడు, డబ్బు పోగొట్టుకొన్న బంధువు నొకరినైనను తలచుకొందురు.

మేము ఒక శీతకాలపు ఆదివారము మధ్యాహ్నము మలకుపేటకు పోయి, గుఱ్ఱముల కంటె మనుష్యులనే ఎక్కువగా గమనించి వచ్చితిమి. ఇద్దరు పెద్దమనుష్యులు ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. అందొకాయన ప్రతి పందెమునందును డబ్బు పెట్టెను. మనుమరాలు పుట్టిన తేదీ ఏడు గనుక ఒకమారు ఏడవ నంబరు గుఱ్ఱముపై పెట్టెను. జాకీ తొడిగిన చొక్కా రంగు నచ్చినదని మరియొకమారు పెట్టెను. వెనుక వరుసలో ఎవరో గుసగుసలాడినది చెవిని బడగా ఇంకొకమారు పెట్టెను. గుఱ్ఱములు చివరి మలుపు తిరుగునప్పటికి లేచి నిలువబడి గొంతు పోవునట్లు అరచెను. రెండవ ఆయన చేత రేసు పుస్తకము, చిన్న నోటు పుస్తకము, పెన్సిలు ఉండెను. ఎనిమిది పందెములలో ఆరింటిలో ఆయన ఊరక కూర్చుండెను. ఆడిన రెంటిలో ఒకటి గెలిచెను, ఒకటి ఓడెను. గెలిచినప్పుడును ఓడినప్పుడును అంతే ముఖముతో నోటు పుస్తకములో ఏదో వ్రాసికొని టీ త్రాగుటకు పోయెను.

ఈ ఇద్దరిలో పందెమునందు శ్రద్ధ ఎవరిదని అడిగినచో, చూచువారు మొదటి ఆయననే చూపుదురు. ఆయనకే ఉత్సాహము హెచ్చు, ఆయనయే ఎక్కువ డబ్బు పెట్టినది, ఆయనకే గుండె కొట్టుకొన్నది. కాని ఉత్సాహము వేరు, శ్రద్ధ వేరు. ఈ భేదమును మన పూర్వులు ఒక కథలో చక్కగా నిలిపియున్నారు.

మహాభారతము అరణ్యపర్వమున నలుని కథ కలదు. నలునకు గుఱ్ఱముల మనస్సు తెలిసినట్లు లోకములో మరి యెవ్వరికిని తెలియదు. దానినే అశ్వహృదయమందురు. అట్టి నలుడు పుష్కరునితో పాచికలాడి రాజ్యము పోగొట్టుకొని, కట్టుబట్టతో అడవి పట్టెను. తరువాత బాహుకుడను మారు పేరుతో అయోధ్యాధిపతియైన ఋతుపర్ణునకు సారథియై, విదర్భకు రథము తోలుచుండగా దారిలో ఒక తాని చెట్టు కనబడెను. ఋతుపర్ణుడు ఆ చెట్టుకు ఆకులెన్ని, కాయలెన్ని అనునది చూపుతోనే లెక్కించి చెప్పెను. నలుడు నమ్మలేదు. రథము నిలిపి, చెట్టు కూల్చి, లెక్కించి చూచి, సరిపోవుటకు ఆశ్చర్యపడెను. సంఖ్యల మర్మమును పాచికల మర్మమును ఎరిగిన ఆ విద్యకు అక్షహృదయమని పేరు. నలుడు తన అశ్వహృదయమును ఇచ్చుటకు ఒప్పుకొని అక్షహృదయమును గ్రహించెను. పిదప పుష్కరునితో మరల ఆడి పోయిన రాజ్యమును గెలుచుకొనెను.

ఈ కథయందు మేము గమనింపుమని కోరునది ఒక్కటే. గుఱ్ఱములను గూర్చి ఎంత తెలిసినను, పందెమును గూర్చి తెలియనివాడు రాజ్యమైనను నిలుపుకొనలేడు. మన మైదానములలోనికి వచ్చువారిలో అశ్వహృదయము కొద్దిగనో గొప్పగనో తెలిసినవారు పలువురు కలరు. ఏ గుఱ్ఱము ఏ తండ్రికి పుట్టినది, తడిసిన నేలపై ఏది బాగుగా పరుగెత్తును, 1,200 మీటర్లలో గెలుచు గుఱ్ఱము 1,600 మీటర్లలో ఎక్కడ అలసిపోవును, ఏ జాకీ ఏ ట్రైనరుతో కలిసినప్పుడు గెలుపులు హెచ్చు అనునవి ధారాళముగా చెప్పుదురు. ఆ విద్యను మేము చిన్నచూపు చూచుట లేదు. కాని అది సగము విద్య. తక్కిన సగము ధరను గూర్చినది.

ధర యనగా నేమి? టోట్ అని మనవారు పిలుచు టోటలైజేటరు పద్ధతిని తీసికొని చూతము. ఈ పద్ధతిని 1867లో పారిసులో జోసెఫ్ ఒల్లర్ అనునతడు కల్పించెను. లెక్కలు తమంతట తామే వేయు యంత్రమును జార్జి జూలియస్ అను ఇంజనీరు నిర్మింపగా, అది 1913లో న్యూజీలాండు నందలి ఎలర్‌స్లీ మైదానమున నెలకొన్నది. ఇందలి సూత్రము మిక్కిలి సులభము. ఒక పందెములో గెలుపు గుఱ్ఱముపై అందరును పెట్టిన సొమ్ము ఒక్క కుప్పగా చేరును. దానినుండి క్లబ్బు ఖర్చులు, పన్నులు మొదట తీసివేయబడును. మిగిలినది గెలిచిన గుఱ్ఱముపై పెట్టినవారికి వారి వారి టిక్కెట్ల ప్రకారము పంచబడును.

ఇందుండి తెలియునది యేమనగా, మైదానములో మన ప్రత్యర్థి క్లబ్బు కాదు, గుఱ్ఱము కాదు, జాకీ కాదు. క్లబ్బు తన భాగము తీసికొని ప్రక్కకు తొలగును. మనకు వచ్చిన రూపాయి మన ప్రక్కన కూర్చున్నవాని జేబునుండి వచ్చినదే. అతడు మనకంటె తక్కువ తెలిసినవాడైననే అది మాటిమాటికి వచ్చును. బుకీ వద్ద పద్ధతి కొంత వేరు. ఆయన ముందుగనే ధర పలికి దానికి కట్టుబడి యుండును. అయినను అన్ని గుఱ్ఱముల ధరలను అవకాశములుగా మార్చి కూడినచో మొత్తము నూటికి నూరు మించునట్లుగా చూచుకొనును. ఆ మించినదే ఆయన జీవనాధారము.

ఒక చిన్న లెక్క చేసి చూతము. శ్రోతలు కాగితము పెన్సిలు తెచ్చుకొన్నచో మంచిది. ఒక పందెమున టోట్‌లో 1,00,000 రూపాయలు చేరినవనుకొందము. లెక్క సులభమగుటకై 20,000 తీసివేతలు పోయి, 80,000 పంచుటకు మిగిలినదనుకొందము. ఎఱ్ఱ గుఱ్ఱముపై జనము 40,000 పెట్టిరి. అది గెలిచినచో రూపాయికి 2 రూపాయలు వచ్చును. నల్ల గుఱ్ఱముపై 8,000 మాత్రమే పెట్టిరి. అది గెలిచినచో రూపాయికి 10 రూపాయలు వచ్చును.

ఇప్పుడు తేలికగా ఆడువాడు అడుగు ప్రశ్న ఇది: ఏ గుఱ్ఱము గెలుచును? ఎఱ్ఱ గుఱ్ఱమే గెలుచునని అందరును అనుచున్నారు, అతడును దానిపైననే పెట్టును. శ్రద్ధగా ఆడువాడు అడుగు ప్రశ్న వేరు: ఈ ధరకు ఏ గుఱ్ఱము తగినది? రూపాయికి 2 రూపాయలు ఇచ్చు ఎఱ్ఱ గుఱ్ఱము నూరు మారులు పరుగెత్తిన 50 మారులు గెలిచినగాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. తన లెక్క ప్రకారము అది 45 మారులే గెలుచునని తోచినచో, అది అందరికంటె మంచి గుఱ్ఱమైనను, చెడ్డ పందెము. నల్ల గుఱ్ఱము నూటికి 10 మారులు గెలిచిన చాలును, సొమ్ము సరిపోవును. అది 13 మారులు గెలువగలదని తన లెక్క తేల్చినచో, అది బలహీనమైన గుఱ్ఱమైనను, మంచి పందెము.

ఈ మాట మొదటిసారి విన్నవారికి వింతగా నుండును. శ్రద్ధగా ఆడువాడు తానే ఓడునని తలచు గుఱ్ఱముపై డబ్బు పెట్టుచున్నాడు. నూటికి 87 మారులు ఓడునని తెలిసియే పెట్టుచున్నాడు. మన ఇల్లాండ్రు అంగడిలో చేయు పని కూడ ఇదియే. అంగడిలో అన్నిటికంటె మేలైన బియ్యము ఏదియని మాత్రమే వారు చూడరు. ఈ ధరకు ఈ బియ్యము తగునా యని చూతురు. ఎంత మేలు బియ్యమైనను ధర మించినచో సంచి మడిచి ఇంటికి వత్తురు. మైదానములో ఎనిమిది పందెములలో ఆరింట చేతులు ముడుచుకొని కూర్చున్న పెద్దమనిషి చేసినది ఆ సంచి మడుచుటయే.

అయితే ఆ 45, ఆ 13 అను సంఖ్యలు ఎట్లు తెలియును? ఇక్కడనే చాలమంది బోర్లపడుదురు. గుంపులో చేరిన జనము తెలివితక్కువవారని, తాము మాత్రమే తెలిసినవారమని అనుకొందురు. శాస్త్రజ్ఞుల పరిశీలన వేరుగా చెప్పుచున్నది. 1949లో గ్రిఫిత్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు అమెరికా పందెముల ఫలితములను తీసికొని, జనము పలికిన ధరలను గెలుపులతో పోల్చి చూచెను. మొత్తము మీద జనము అంచనా ఆశ్చర్యకరముగా సరియైనదే యని తేలినది. ఫేవరేటు అని జనము ఎన్నిన గుఱ్ఱములే ఎక్కువ మారులు గెలుచుచున్నవి. ఒక్క దోషము మాత్రము కనబడినది. గెలుచుట అరుదై, గెలిచిన ఎక్కువ ధర వచ్చు గుఱ్ఱములపై జనము ఉండదగినదానికంటె ఎక్కువ సొమ్ము పెట్టుచున్నది. ఫేవరేటుపై తక్కువ పెట్టుచున్నది. పది రూపాయలతో వేయి రూపాయలు వచ్చునను ఆశకు జనము అదనముగా ధర చెల్లించుచున్నదన్న మాట.

1956లో మెక్‌గ్లాత్లిన్ అనునతడు మరియొక సంగతి గమనించెను. ఆ దోషము ఆనాటి కడపటి పందెములో మరింత పెరుగుచున్నది. కారణము ఊహించుట కష్టము కాదు. ప్రొద్దుటినుండి ఓడినవాడు ఇంటికి పోవునప్పటికి పోయినదంతయు ఒక్క దెబ్బతో రాబట్టవలెనని చూచును. ఫేవరేటు అంత సొమ్ము ఈయదు. కావున గెలువని గుఱ్ఱమునే పట్టుకొనును. కడపటి పందెము వేళకు మైదానములో ఆడుచున్నది తెలివి కాదు, పోయిన సొమ్ము.

శ్రద్ధ యనగా ఎంతవరకు పోవునో తెలియుటకు హాంగ్‌కాంగు వృత్తాంతము ఒకటి చెప్పవలెను. 1980 దశకము నడుమ విలియం బెంటర్ అను అమెరికా దేశీయుడు, ఆలన్ వుడ్స్ అను ఆస్ట్రేలియా దేశీయుడు కలిసి అక్కడికి పోయిరి. ఇద్దరును పేకాటలో ముక్కలు లెక్కించి గెలుచుటయందు ఆరితేరినవారు. గెలుపు ఎక్కువైనందున అమెరికా జూదశాలలు బెంటరును లోనికి రానీయలేదు. హాంగ్‌కాంగులో పందెపు మైదానములు రెండే: హ్యాపీ వ్యాలీ, షాటిన్. పరుగెత్తు గుఱ్ఱములు సుమారు వేయి. అవే గుఱ్ఱములు అవే మైదానములలో మరల మరల పోటీపడుచుండును. పాత ఫలితములను కంప్యూటరులోనికి ఎక్కించి, ఒక్కొక్క గుఱ్ఱము యొక్క గెలుపు అవకాశమును లెక్కకట్టుటకు అంతకంటె అనువైన చోటు దొరకదు.

ఇంత చేసియు వారు మొదట నష్టపోయిరి. ఇద్దరి స్నేహము చెడి వేరుపడిరి. బెంటర్ పట్టు విడువలేదు. అతడు 1994లో తన పద్ధతిని ఒక వ్యాసముగా ప్రకటించెను. అందలి ముఖ్యమైన సంగతి మన శ్రోతలందరును తెలిసికొనదగినది. కంప్యూటరు లెక్క ఒక్కటే చాలలేదు. జనము పెట్టిన సొమ్మునుబట్టి తేలు ధరలను కూడ లెక్కలోనికి తీసికొని, తన అంచనాను జనము అంచనాతో కలిపి సవరించుకొన్న తరువాతనే పద్ధతి నిలిచినది. జనమునకు తెలిసి తనకు తెలియనిది ఎంతో కొంత ఉండునని అతడు ఒప్పుకొనవలసి వచ్చినది. ఏండ్ల తరబడి లెక్కలు కట్టినవాడే జనమును ఇంతగా గౌరవింపగా, నిన్న సాయంకాలము రేసు పుస్తకము కొన్నవాడు జనము కంటె తానే మిన్నయని తలచుట ఎంతవరకు తగునో వారే ఆలోచింతురు గాక.

ధర తెలిసిన తరువాత మిగిలినది, ఎంత పెట్టవలెనను ప్రశ్న. దీనికి 1956లో బెల్ ప్రయోగశాలయందలి కెల్లీ అను శాస్త్రజ్ఞుడు ఒక సూత్రము చెప్పెను. మనకు నిజముగా ఎంత మొగ్గు కలదో, దానిని గెలిచినప్పుడు వచ్చు నికర లాభముతో భాగించిన వచ్చునది, మన మూలధనములో పెట్టదగిన భాగము. మన నల్ల గుఱ్ఱమునే తీసికొందము. అవకాశము నూటికి 13, వచ్చునది రూపాయికి 10. అనగా నూరు రూపాయలకు సగటున 130 తిరిగి వచ్చును. మొగ్గు 30 శాతము. నికర లాభము రూపాయికి 9. ముప్పదిని తొమ్మిదితో భాగించిన సుమారు 3.3 వచ్చును. పందెమునకని విడిగా పెట్టుకొన్న సొమ్ము వేయి రూపాయలైనచో, ఇంత మంచి పందెముపై పెట్టదగినది 33 రూపాయలు మాత్రమే. మొగ్గు లేనిచోట పెట్టదగినది సున్న.

దీని ప్రక్కన మన మైదానములలో వాడుకలోనున్న ఇంకొక పద్ధతిని ఉంచి చూడుడు. ఓడినప్పుడెల్ల పందెమును రెట్టింపు చేయుట అనునది ఆ పద్ధతి. మొదట 10 రూపాయలు. ఓడిన 20, మరల ఓడిన 40. ఇట్లు ఎనిమిదవ పందెమునకు వచ్చునప్పటికి పెట్టవలసినది 1,280 రూపాయలు. అప్పటికి మొత్తము ఒడ్డినది 2,550 రూపాయలు. ఆ ఎనిమిదవది రూపాయికి 2 చొప్పున గెలిచినను మిగులు లాభము 10 రూపాయలు. ఓడిన, ఇంటి అద్దెకని దాచినది కూడ పోవును. పది రూపాయల లాభమునకు రెండువేల అయిదువందల ఏబది రూపాయలు ఒడ్డుమని ఏ వర్తకుడైనను మన యింటికి వచ్చి చెప్పినచో, వీధి తలుపు చూపుదుము. మైదానములో అదే మాటకు పద్ధతి యని పేరు.

ఇక న్యాయశాస్త్రము మాట. 1996లో గిండీ క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, గుఱ్ఱపు పందెము ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడిన క్రీడయని, అది కేవలము అదృష్టపు జూదము కాదని నిర్ణయించెను. అంతకు పూర్వము 1967లో, సికిందరాబాదు క్లబ్బు వ్యాజ్యమున, రమ్మీ ఆటను గూర్చియు అదే న్యాయస్థానము ఇట్టి మాటయే చెప్పియున్నది. పందెములకు పోవువారు ఈ తీర్పులను ఇంట వాదనకు తరచుగా వాడుకొందురు. న్యాయస్థానము చెప్పినది ఆ ఆటలో నైపుణ్యమునకు చోటు కలదని. టిక్కెట్టు కొన్న ప్రతివానికిని ఆ నైపుణ్యము కలదని చెప్పలేదు. సంగీతము విద్యయని ఒప్పుకొన్నంతమాత్రమున స్నానము చేయుచు పాడువాడు విద్వాంసుడు కాడు గదా.

న్యాయస్థానము తీర్పు ఎట్లున్నను పన్నుల లెక్క వేరుగా నడుచుచున్నది. 2017లో వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు గుఱ్ఱపు పందెములపై 28 శాతము విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతమైనది. ఈ పన్ను పందెపు సొమ్మంతటిపైనా, క్లబ్బు తీసికొను కమీషనుపైన మాత్రమేనా అను వివాదము న్యాయస్థానములకు ఎక్కినది. సొమ్మంతటిపైన పడినచో మన నల్ల గుఱ్ఱము గతి యేమగునో చూడుడు. నూరు రూపాయల పందెమునకు 140 రూపాయలు చెల్లింపవలెను. సగటున తిరిగి వచ్చునది 130. ముప్పది శాతము మొగ్గు గల పందెము, ఏ మైదానములోనైనను అరుదుగా దొరకు పందెము, పది రూపాయల నష్టముగా మారినది. ఇది గాక గెలుపు సొమ్ముపై 30 శాతము ఆదాయపు పన్ను కలదు. ఆ గెలుపులోనుండి ఓటములను తగ్గించి చూపుటకు వీలు లేదు.

ఇంకొక చిక్కు కూడ కలదు. హాంగ్‌కాంగులో కుప్పపడు సొమ్ము అపారము. మన లెక్కలోని చిన్న కుప్పలో నల్ల గుఱ్ఱముపై ఒక్క మనిషి 4,000 రూపాయలు పెట్టినచో ఏమి జరుగునో చూతము. కుప్ప 1,04,000 అగును. ఇరువది శాతము పోగా 83,200 మిగులును. నల్ల గుఱ్ఱముపై సొమ్ము 12,000 అగును. అప్పుడు రూపాయికి 10 కాదు, 7 కూడ నిండదు. గెలుపు నూటికి 14 మారులకు మించిననే గిట్టును. తన లెక్క 13. తన సొమ్మే తన ధరను చెరిపినది. కనుక నిజముగా లెక్క తెలిసినవాడు పందెములను జీవనముగా చేసికొనుటకు మన మైదానములలో చోటు మిక్కిలి తక్కువ. ఈ సంగతి చెప్పునది ఇల్లాలి భయము కాదు, అతడు నమ్ముకొన్న లెక్కయే.

అట్లయిన మైదానమునకు పోవువారందరును తప్పు చేయుచున్నారా? మేము అట్లనము. మనుమరాలి పుట్టినతేదీపై పందెము పెట్టిన పెద్దమనిషిని మేము తప్పుపట్టుట లేదు. ఆయన మధ్యాహ్నము వేడుకకని కొంత సొమ్ము తెచ్చుకొనెను. నాటకమునకు టిక్కెట్టు కొన్నట్లే అది ఖర్చు. తిరిగి వచ్చునని ఆయన ఇంట ఎవ్వరును ఎదురుచూడలేదు. ఆకుపచ్చని మైదానము, నిగనిగలాడు గుఱ్ఱములు, రంగురంగుల జాకీలు, చివరి మలుపులో పదివేల గొంతుల అరపు: వీనికి ధర చెల్లించి ఇంటికి పోయెను. ఆయన తేలికగా ఆడువాడు. తేలికగా ఆడుచున్నానని ఎరిగినవాడు. తన లెక్క ఎరిగి ఆడు నోటు పుస్తకపు పెద్దమనిషియు మంచివాడే.

ప్రమాదమంతయు మూడవవానిది. అతడు రేసు పుస్తకము రాత్రులు మేల్కొని చదువును. గుఱ్ఱముల వంశావళి చెప్పును. టిప్పులు సేకరించును. శ్రద్ధగా ఆడువాని భాష అతనికి బాగుగా వచ్చును. కాని ధర చూడడు, పందెము వదలడు, ఓడినప్పుడు పెంచును, లెక్క వ్రాయడు. గెలిచిన దినము అతనికి ఏండ్ల తరబడి జ్ఞాపకముండును. ఓడిన దినములలో జ్ఞాపకముండునది ముక్కు తేడాతో పోయిన గుఱ్ఱము మాత్రమే. అది అతనికి ఓటమిగా తోచదు, గెలుపునకు దగ్గరి బంధువుగా తోచును. అతడు తేలికగా ఆడుచు శ్రద్ధగా ఆడుచున్నానని తలచువాడు. ముందు ఉంగరము, తరువాత గొలుసు, ఆ తరువాత ఆఫీసులో అప్పు, చివరకు పిల్లవాని కాలేజీ ఫీజు పోవునది ఇట్టివాని ఇంటనే. అశ్వహృదయము మాత్రమే కలిగి పాచికలకు కూర్చున్న నలుడు ఇతడే. అడవికి అతడు ఒక్కడే పోడు, దమయంతి కూడ వెంట నడువవలసివచ్చును.

తాను ఈ ముగ్గురిలో ఎవడో తెలిసికొనుటకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. మన యిండ్లలో పాల లెక్క క్యాలెండరుపై వ్రాసికొందురు. ఏనాడు ఎన్ని పాలు పోసినది, ఏనాడు పోయనిది నెలాఖరున కూడి చూతురు. పాలవాడు ఎంత నమ్మకమైనవాడైనను కూడక మానరు. పందెములకు పోవువాడు కూడ అదే పని చేయవలెను. ఆడిన ప్రతి పందెమునకును తేదీ, గుఱ్ఱము, పెట్టినది, వచ్చినది వ్రాయవలెను. ఆటో ఖర్చు, ప్రవేశపు టిక్కెట్టు, రేసు పుస్తకము ధర, పన్ను కూడ అందే చేర్చవలెను. గెలిచిన నాడును ఓడిన నాడును తప్పక వ్రాయవలెను. ఆడక వదలిన పందెములను కూడ గుర్తుపెట్టవలెను. అవి ఎక్కువయగుకొలది మనిషి స్థిమితము తెలియును.

మరొక నియమము ఇంటినుండి బయలుదేరక ముందే చేసికొనవలసినది. ఈ దినమునకు ఇంతయని సొమ్ము వేరు చేసి, తక్కినది ఇంటనే, ఇల్లాలి చేతికి ఇచ్చి పోవలెను. చేతిఫోనులోనుండి క్షణములో సొమ్ము తీయగలిగిన ఈ కాలమున ఈ నియమము మరింత అవసరము. కడపటి పందెమునకు ముందు జేబు తడవి చూచుకొనక, ఆ నాటి వేడుక అయినదనుకొని లేచి రావలెను. మైదానములో అప్పు అడుగరాదు, ఈయరాదు.

పందెముల కాలము ముగిసిన తరువాత ఒక ఆదివారము ఆ పుస్తకము తెరచి, భార్యాభర్తలిద్దరును కూర్చుండి కూడి చూడుడు. వేడుకకు అయిన ఖర్చు ఇంటికి తాళగలిగినదై, ఇద్దరికిని ఒప్పుదలయైనచో, వచ్చు సంవత్సరమునకు అంతే సొమ్ము వేరుగా నుంచుకొనవచ్చును. తాళలేనిదైనచో అక్కడనే మానవలెను. ఇక పుస్తకము తెరచుటకే మనసు ఒప్పనిచో, కూడిక వేయక ముందే సమాధానము తెలిసినదనుకొని ఆ సంవత్సరము మైదానపు దారి మానుకొనుట మేలు. ఈ కూడిక చేయుటకు ఋతుపర్ణుని విద్య అవసరము లేదు. నాలుగవ తరగతి చదువుచున్న మన పిల్లవాడు చేయగలడు. వానిచేతనే చేయించినచో ఇంకను మంచిది.